ఉపాధ్యాయులకు ఉపాధ్యాయుడు: గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు

శతాబ్ది సంచికకు ఒక వ్యాసం వ్రాయవలసినదిగా సంపాదకవర్గంవారు కోరినప్పుడు, ఏమి వ్రాయగలనా అని రెండు రోజులు ఆలోచించాను. మన సంఘంలో ఏ యింటి తలుపు తట్టినా ఒక ఉపాధ్యాయుడో ఉపాధ్యాయినియో కనిపిస్తారు. నేనూ పెందుర్తిలో కాపురముంటూ చుట్టుపట్ల గ్రామాలలో ముప్పై నాలుగేండ్లు పంతులుగా పనిచేసినవాడనే. నాకు బడి తప్ప ఇంకొకటి తెలియదు. కాబట్టి బడికి సంబంధించిన ఒక మహనీయుని జీవితమే వ్రాయాలని నిశ్చయించుకొన్నాను. ఆయన మన సంఘస్థుడు కాడు. అయినా ఈ ఉత్తరాంధ్రలో సుద్దముక్క చేతబట్టిన ప్రతివారూ, తెలిసినా తెలియకపోయినా, ఆయనకు ఋణపడి ఉన్నవారే.

గిడుగు రామమూర్తి పంతులుగారి పేరు వినగానే మనకు వాడుకభాష గుర్తుకు వస్తుంది. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవమని పటానికి దండ వేస్తాము, పిల్లలచేత పద్యం చెప్పిస్తాము, మిఠాయి పంచుతాము. ఆయన ముప్పై ఏండ్లపాటు బడిలోనూ కళాశాలలోనూ పాఠాలు చెప్పుకొన్న మనిషి అనీ, ఆయన ఉద్యమం పండితుల సభలో కాక పంతుళ్ళ సమావేశాలలో పుట్టిందనీ ఎవరూ చెప్పరు. నాకు ముఖ్యమని తోచేది ఆ భాగమే.

ఆయన 1863వ సంవత్సరం ఆగస్టు 29న, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేట అనే గ్రామంలో జన్మించారు. తండ్రి వీర్రాజుగారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆయనకు చోడవరం బదిలీ అయింది. పెందుర్తి నుంచి సబ్బవరం మీదుగా మన బస్సులు ఈనాడు సునాయాసంగా వెళ్ళే ఆ చోడవరంలోనే విషజ్వరం తగిలి 1875లో కన్నుమూశారు. కుమారునికి అప్పటికి పన్నెండేండ్లు. మేనమామగారి ఆదరణతో చదువు సాగింది. విజయనగరంలో మహారాజావారి పాఠశాలలో చదివి 1879లో మెట్రిక్యులేషన్ ప్యాసయ్యారు. ఆ బడిలో ఆయన సహాధ్యాయి గురజాడ అప్పారావుగారు. ఇద్దరు స్నేహితులూ ఒకే బల్ల మీద నేర్చుకొన్న అక్షరాలు తెలుగుదేశానికి ఎంత ఉపకరించాయో చెప్పనక్కరలేదు.

మరుసటి ఏడు, అంటే 1880లో, పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ముప్పై రూపాయల జీతం మీద ఉపాధ్యాయుడుగా చేరారు. వయస్సు పదిహేడేండ్లు. ట్రైనింగు లేదు, డిగ్రీ లేదు. ఆ రోజుల్లో చాలామందికి ఉద్యోగం దొరకడంతోనే చదువు ముగిసేది. ఈయన చదువు మాత్రం ఉద్యోగంలో చేరిన తరువాతే మొదలయిందని చెప్పాలి. పగలు పాఠం చెప్పి, రాత్రి దీపం పెట్టుకొని చదివి, ప్రైవేటుగా 1886లో ఎఫ్.ఎ., తరువాత చరిత్ర ప్రధానాంశంగా బి.ఎ. పూర్తి చేశారు. ఈలోగా రాజావారి పాఠశాల కళాశాల అయింది, ఆయనకు పై తరగతులకు చెప్పే యోగం కలిగింది.

పరీక్షలకు చదవడం గొప్పకాదు, ప్రమోషనుకోసం మనమందరమూ చదివినవాళ్ళమే. ఆయన చదివిన తీరు వేరు. చరిత్ర చెప్పవలసివచ్చింది గనుక, శ్రీముఖలింగం దేవాలయంలోని శాసనాలను తానే చదవాలనుకొన్నారు. పాత లిపులు ఎవరూ నేర్పకపోయినా పట్టుబట్టి నేర్చుకొని, ఆ శాసనాలు చదివి, గాంగరాజులను గురించి ఆంగ్లంలో వ్యాసాలు ప్రకటించారు. పాఠ్యపుస్తకంలో రెండు పంక్తులున్న విషయానికి ఆయన గుడి గోడ దాకా వెళ్ళివచ్చారు. అట్టి పంతులుగారి దగ్గర చరిత్ర విన్న పిల్లలను తలచుకొంటే నాకు అసూయ కలుగుతుంది. నేను చరిత్ర చెప్పినంతకాలం మన సింహాచలం కొండమీది శాసనాలను ఒక్కసారైనా పిల్లలకు చూపించి చెప్పలేదు. బడి నుంచి అది ఎంత దూరమని!

పర్లాకిమిడి చుట్టూ కొండలు, ఆ కొండలలో సవరలు. వారి పిల్లలకు చదువు చెప్పాలని పంతులుగారికి బుద్ధి పుట్టింది. అందరమూ చేసే పని ఏమిటి? ఆ పిల్లలకు మన భాష నేర్పి, మన భాషలో పాఠం చెబుతాము. ఆయన ముందు తాను వారి భాష నేర్చుకొన్నారు. సవర, తెలుగు రెండూ వచ్చిన ఒకరిని ఇంట్లోనే ఉంచుకొని నేర్చుకొన్నారు. అది తెలుగుకు దగ్గర భాష కూడా కాదు. తెలుగు, తమిళం, గోండి ఒక కుటుంబమైతే సవర వేరే కుటుంబం, ముండా భాషలలోది. మాట నడుమ గొంతు ఒక్కసారి బిగబట్టి వదిలే ధ్వని ఒకటి ఆ భాషలో ఉన్నది. మన అక్షరాలలో దానికి గుర్తు లేదు. ఆ ధ్వనిని పట్టుకోవడానికీ, వ్రాయడానికీ ఆయన ధ్వనిశాస్త్రం చదవవలసివచ్చింది. హెన్రీ స్వీట్ వంటి ఆంగ్ల శాస్త్రజ్ఞుల గ్రంథాలు పర్లాకిమిడిలో కూర్చుండి ఎవరి సాయమూ లేకుండా చదివారు. కొండలలో తిరిగి చలిజ్వరాల పాలయ్యారు. ఆ జ్వరాలకు మింగిన క్వినైను ఆయన వినికిడిని తినివేసింది. పిల్లల మాట వినడానికి అంత శ్రమపడిన మనిషికి చెవుడు ప్రాప్తించింది.

సవర భాషలో వాచకాలు వ్రాసి, స్వంత డబ్బుతో బడులు పెట్టి, అక్కడి ఉపాధ్యాయులకు జీతాలిచ్చి, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. ఆ బడులలో పంతుళ్ళకు కావలసిన పుస్తకమూ పదకోశమూ పంతులుగారే తయారుచేయవలసివచ్చింది, ఎందుకంటే అంతకు ముందు అవి లేనేలేవు. ఈ కృషిని గుర్తించి 1913లో ప్రభుత్వం బిరుదునిచ్చింది. సవర భాషా వ్యాకరణం ఆంగ్లంలో 1931లోనూ, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోనూ మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. నిఘంటువు వెలువడేనాటికి ఆయనకు డెబ్బై అయిదేండ్లు.

ఇక అసలు సంగతికి వస్తాను. 1907 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే దొర మన ఉత్తర జిల్లాల పాఠశాలలకు ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే బడి ఎట్లా ఉంటుందో మన తరంవారికి తెలుసు. రిజిష్టర్లు సరిచేయడం, పిల్లలకు తలదువ్వడం, బాగా చదివే కుర్రవాణ్ణి ముందు బల్లమీద కూర్చోబెట్టడం. యేట్స్ దొర రిజిష్టర్ల కంటె పాఠాన్ని ఎక్కువగా విన్నట్టున్నారు. చిన్న తరగతులలో తెలుగు పాఠం చెప్పే తీరు చూసి ఆయనకు ఒక సందేహం కలిగింది. ఈ పిల్లలు బడి బయట మాట్లాడే తెలుగు వేరు, పుస్తకంలో తెలుగు వేరు, ఇది ఎందుకు? చదువుకొన్న పెద్దమనుషులు మాట్లాడుకొనే భాషలో పుస్తకం ఎందుకు ఉండరాదు?

ఆ ప్రశ్నను ఆయన విశాఖపట్నంలో మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగారు. అయ్యంగారు తమిళులు, చరిత్రకారులు. ఆయన దీనికి సమాధానం చెప్పగలవారు ఇద్దరే ఉన్నారని విజయనగరంలో గురజాడవారినీ, పర్లాకిమిడిలో గిడుగువారినీ చూపించారు. ఆ విధంగా ఒక ఇంగ్లీషు ఇన్‌స్పెక్టరు, ఒక తమిళ ప్రిన్సిపాలు, ఒక సంస్థాన ఉద్యోగి అయిన కవి, ఒక చరిత్ర పంతులు కలిశారు. వీరిలో ఒక్కరూ తెలుగు పండిత ఉద్యోగంలో ఉన్నవారు కారన్నది గమనించదగిన విషయం. లోపం ఒక్కొక్కప్పుడు ప్రక్క గదిలోనివాడికే ముందు కనబడుతుంది.

వీరు చేసిన పని ఏమిటంటే ఉపాధ్యాయులను సమావేశపరచడం. అయ్యంగారు తెలుగు బోధనను సంస్కరించడానికి ఒక సంఘమే స్థాపించారు. దేశభాషల పక్షాన ఆంగ్లంలో ఒక చిన్న పుస్తకం 1909లో ప్రకటించారు. ఉపాధ్యాయుల సభలలో బోధనా పద్ధతులను గురించి చర్చలు జరిగాయి. ఆనాటి తెలుగు పాఠం ఎట్లా ఉండేదంటే, పద్యం వల్లెవేయించడం, ప్రతిపదార్థం చెప్పడం, తాత్పర్యం వ్రాయించడం. ఒక కఠినపదానికి అర్థమని మరొక కఠినపదం చెప్పడం, దాన్ని పిల్లవాడు కంఠస్థం చేయడం. పిల్లవానికి రెండు పదాలూ తెలియవు, కాని పరీక్షలో మార్కులు వస్తాయి. పంతులుకు పాఠం అయిపోయిందనే తృప్తి మిగులుతుంది. వ్యాసం వ్రాయమంటే వాడు తన మనస్సులోని మాట వ్రాయడు, అరసున్నలూ సరళాదేశాలూ ఎక్కడ తప్పుతాయో అన్న భయంతో పుస్తకంలోని వాక్యాలే ఎత్తివ్రాస్తాడు.

గిడుగువారి వాదాన్ని భాషావాదంగానే చూస్తే సగమే చూచినట్లు. అది తరగతి గదిలో పుట్టిన వాదం. పిల్లవాడు బడికి వచ్చేటప్పటికే భాష తెచ్చుకొంటాడు, దానిమీద కట్టవలసినదే గాని దానిని కూల్చరాదు అన్నది దాని సారాంశం. పాత కావ్యాలు చదువవద్దని ఆయన ఏనాడూ అనలేదు. ఆయనకు వచ్చినన్ని కావ్యాలు విమర్శించినవారిలో అందరికీ వచ్చునో రావో. చదివి అర్థం చేసుకోవలసిన భాష వేరు, పిల్లవాడు తానుగా వ్రాయవలసిన భాష వేరు అని ఆయన విభజించి చెప్పారు. మన ఆదివారపు బడిలో నేర్పే సోదరీమణులకు ఈ భేదం వెంటనే తెలుస్తుంది. మన బైబిలు వాక్యం పాత తెలుగులో ఉన్నది. ఆ వాక్యాన్ని అట్లాగే కంఠస్థం చేయిస్తాము, కాని దాని భావం చెప్పవలసివచ్చినప్పుడు ఇంటి మాటలలోనే చెబుతాము. ఏ పిల్లనైనా దాని భావం పాత తెలుగులోనే తిరిగి చెప్పమంటే ఏమవుతుందో ఊహించుకోండి.

1911లో ఆయన ఉద్యోగం విరమించారు. అక్కడి నుంచి ఆయనకు బడి అంతటా ఉన్నది. చెవులు సరిగా వినబడకపోయినా సభలకు వెళ్ళేవారు. పుస్తకాలు దగ్గరుంచుకొని, ఇదిగో ఫలానా పండితులు గ్రాంథికంలో వ్రాసినది, ఇదిగో అందులో వ్యాకరణ దోషం అని చదివి చూపించేవారు. బాలకవి శరణ్యం, గద్య చింతామణి, ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం అనే ఆయన రచనలలో కనిపించేది ఇదే. పైకి ఎత్తిపొడుపులాగా కనిపించినా అందులో ఒక పంతులు బాధ ఉన్నది. జీవితమంతా ఆ భాషతో గడిపిన పండితులకే తప్పులు తప్పకపోతే, పదేండ్ల కుర్రవాడు తప్పువ్రాశాడని వాడి చెయ్యి వాచేట్టు కొట్టడంలో న్యాయమేమిటి?

వ్యతిరేకత తీవ్రంగా వచ్చింది. జయంతి రామయ్య పంతులుగారు మొదలయిన పెద్దలు గ్రాంథికం పక్షాన నిలబడ్డారు. వారూ భాషమీద ప్రేమతోనే నిలబడ్డారని నేను నమ్ముతాను. 1912-13 ప్రాంతంలో స్కూలుఫైనలు పరీక్షలో వ్యాసాన్ని ఏ భాషలోనైనా వ్రాయవచ్చునని ప్రభుత్వం అనుమతించింది. ఆందోళన లేచింది. కొద్దికాలానికే అనుమతి వెనక్కు పోయింది. వాడుక తెలుగులో వచ్చిన పాఠ్యపుస్తకాలూ తరగతి గది నుంచి తప్పుకొన్నాయి.

ఇక్కడ నేను కొంచెం ఆగుతాను. సమావేశానికి వెళ్ళి, అయ్యంగారి మాటలూ గిడుగువారి మాటలూ విని, ఒప్పుకొని, ఉత్సాహంగా తన ఊరికి తిరిగివచ్చిన ఆనాటి పంతులు ఒకరిని ఊహించండి. సోమవారం ఉదయం బడి తెరిచాడు. చేతిలో ఉన్న పుస్తకం పాతదే. సంవత్సరాంతాన వచ్చే పరీక్ష పాతదే. పిల్లల తండ్రులు అడిగేది ఫలితాలను గురించే. అతడు ఏమి చేయగలడు? నేర్చుకొన్నది సంచిలో పెట్టి తాళం వేశాడు. ఉపాధ్యాయునికి ఎంత మంచి శిక్షణ ఇచ్చినా, అతని పుస్తకమూ పరీక్షా దానికి ఎదురు నిలిస్తే ఆ శిక్షణ బడి గుమ్మం దాటి లోపలికి రాదు. వందేండ్ల తరువాత కూడా ఈ సంగతి మారినట్టు నాకు కనిపించదు.

నా అనుభవం చెప్పడానికి సెలవిప్పించండి. నేను 1964లో ఉద్యోగంలో చేరాను. ట్రైనింగు ప్యాసయి వచ్చినవాడను. పాఠ్యప్రణాళిక అయిదు మెట్లలో వ్రాయడం, నమూనా పాఠం చెప్పడం, చార్టులు అతికించడం అన్నీ వచ్చు. అయితే ఏ ఊళ్ళోనో కూర్చోబెట్టి నేర్పిన ఆ నమూనా పాఠంలో పిల్లలు ఎప్పుడూ సరైన జవాబే చెప్పేవారు. మూడవ తరగతిలో నాకు ఒక కుర్రవాడు ఉండేవాడు. పేరు వ్రాయను. సింహాచలం కొండవాలున అనాసతోటలలో కూలిచేసుకొనే కుటుంబం. ఏమిటి అనడానికి ఏటి అనేవాడు. వదిలివేశాను అనడానికి ఒగ్గేశాను అనేవాడు. మన ఇళ్ళల్లో అందరమూ అనే మాటలే. నేనూ మా అమ్మతో అట్లాగే మాట్లాడేవాణ్ణి. కాని బడిలో నేను పంతులును. అన్నప్పుడల్లా నిలబెట్టి సరిదిద్దాను. తోటి పిల్లలు నవ్వేవారు, నేను ఆపలేదు. దసరా సెలవుల నాటికి వాడు నోరు తెరవడం మానివేశాడు. అటెండెన్సు పిలిస్తే చెయ్యి ఎత్తేవాడు, అంతే. వాడు బుద్ధిమంతుడైనాడని నేను సంతోషించాను కూడా.

కొన్నేండ్లకు ఒక వేసవి శిక్షణకు వెళ్ళాను. అప్పటికి అట్టి శిక్షణలు రెండు మూడు చూచి ఉన్నాను. పదిరోజులు కూర్చోవడం, ఎవరో చదువుతుంటే నోట్సు వ్రాసుకోవడం, మధ్యాహ్నం భోజనం, చివరిరోజు సర్టిఫికెట్టు. తిరిగివచ్చాక నా పాఠంలో ఒక్క వాక్యం కూడా మారలేదు. ఈసారి మాత్రం అక్కడ ఒక వృద్ధ ఉపాధ్యాయులు ఉన్నారు. ఆయన గిడుగువారి కథ చెప్పారు. సవర మాట వినడానికి ఒక మనిషిని ఇంట్లో పెట్టుకొన్న సంగతి చెప్పి, మమ్మల్ని ఒక చిన్న పని చేయమన్నారు. బడి తెరిచాక వారంరోజులపాటు రోజుకొక పిల్లవాణ్ణి ఎంచుకొని, వాడు ఆడుకొనేటప్పుడు మాట్లాడే మాటలు దిద్దకుండా, నవ్వకుండా, ఉన్నవి ఉన్నట్టు ఒక పుస్తకంలో వ్రాసుకోవాలి. నెల తరువాత ఆ పుస్తకాలు పట్టుకొని అందరమూ మళ్ళీ కలుసుకోవాలి. ఆ మళ్ళీ కలుసుకోవడం అన్నమాటే నన్ను పట్టుకొన్నది. పుస్తకం ఖాళీగా తీసుకువెళితే సిగ్గు కదా.

వ్రాశాను. పిల్లలు ఎంత తెలిసినవాళ్ళో అప్పుడు తెలిసింది. బడిలో వాక్యం పూర్తిచేయలేని పిల్ల బావి దగ్గర తగవు తీర్చడం విన్నాను. కావిడిలో అనాసపండ్లు ఎట్లా పేర్చితే దెబ్బతినవో, ఏ కాయ రేపటికి పండుతుందో ఒక కుర్రవాడు చెప్పడం విన్నాను. లెక్కలలో వాడికి సున్నా వచ్చింది, కావిడి రెండువైపులా బరువు సరిపెట్టడం మాత్రం వాడికి చేతిలో పని. తరువాతి ఏటి నుంచి నా పద్ధతి కొంచెం మార్చుకొన్నాను. ముందు పిల్లవాడు తన మాటలో చెప్పాలి. నేను దానిని నల్లబల్ల మీద అట్లాగే వ్రాస్తాను. అందరమూ చదువుతాము. ఆ తరువాత, పుస్తకంలో అయితే దీనిని ఎట్లా వ్రాస్తారో చెప్పండిరా అని అడుగుతాను. పిల్లలే మార్చి చెబుతారు. తప్పు అనే మాట బదులు ఇంట్లో మాట, పుస్తకంలో మాట అని రెండు వరుసలు వచ్చాయి. పాఠానికి రోజూ పది నిమిషాలు ఎక్కువ పట్టింది. సిలబస్సు వెనుకబడింది, దానికి పైవారిచేత మాటలు పడ్డాను. కాని వ్యాసం వ్రాయమంటే పలకమీద నాలుగు పంక్తులు స్వంతంగా వ్రాసే పిల్లలు తయారయ్యారు. మొదట చెప్పిన కుర్రవాడు మాత్రం అప్పటికే బడి మానివేశాడు. వాడి విషయంలో నేను చేయగలిగినది ఏమీ లేకపోయింది.

ఇదేమీ మన దేశానికే ప్రత్యేకమైన ఆలోచన కాదు. జపానులో మెయిజీ కాలంనుంచే ఒక ఆచారమున్నది. ఒక ఉపాధ్యాయుడు పాఠం చెబుతుంటే తోటి ఉపాధ్యాయులు తరగతిలో నిలబడి, పంతులును కాక పిల్లలను చూస్తారు. ఎవరికి ఎక్కడ అర్థం కాలేదో వ్రాసుకొంటారు. తరువాత అందరూ కూర్చుండి ఆ ఒక్క పాఠాన్నే చర్చించి సవరిస్తారు. మన రాష్ట్రంలో 1980లలో బ్రిటిషు సహాయంతో వచ్చిన ప్రాథమిక విద్యా పథకంలో ఉపాధ్యాయ కేంద్రాలు పెట్టినప్పుడు కొంతవరకు ఇదే జరిగింది. చుట్టుపట్ల బడుల పంతుళ్ళము ఒకచోట చేరి, ఒకరి పాఠం మరొకరం చూచేవాళ్ళము. మొదటిసారి నా పాఠం తోటివారు చూస్తుంటే ఇన్‌స్పెక్టరు వచ్చినప్పటికంటె ఎక్కువ భయం వేసింది. రెండవసారి వేయలేదు. 1986 జాతీయ విద్యావిధానం తరువాత జిల్లాకొక విద్యా శిక్షణ సంస్థ వచ్చింది, మనకు భీమునిపట్నంలో ఉన్నది. ఇప్పుడు ఫోనులో కూడా శిక్షణ వస్తున్నది. మా మనుమరాలు ఉపాధ్యాయిని, అన్నం కలుపుకొంటూ ఆ పాఠాలు వింటుంది. విన్నది మర్నాడు తరగతిలో చేసి చూచావా, చేసింది ఎవరికైనా చూపావా అని అడుగుతాను. ఒక్కొక్కప్పుడు చూపానంటుంది, ఎక్కువసార్లు నవ్వుతుంది. ఆ పిల్లకు రెండు తరగతులు ఒకే గదిలో ఉన్నాయి. నేను ఇంకేమీ అనను.

గిడుగువారి కథ ముగించాలి. 1919లో తెలుగు అనే మాసపత్రికను స్వయంగా నడిపారు. ఏడాదికంటె సాగలేదు. 1925లో తణుకులో జరిగిన సభలో సుమారు నాలుగు గంటలు ప్రసంగించి, పూర్వగ్రంథాలలోని ప్రయోగాలు ఒక్కొక్కటే చూపి సభను తనవైపు త్రిప్పుకొన్నారని ప్రసిద్ధి. అరవై దాటిన వయస్సులో, వినికిడి లేని మనిషి, నాలుగు గంటలు! పెద్దలు మెల్లగా మెత్తబడ్డారు, పత్రికలూ కథకులూ వాడుకభాషకు వచ్చారు. బడి మాత్రం అన్నింటికంటె ఆలస్యంగా వచ్చింది. ఆయన పోయిన సుమారు ముప్పై ఏండ్లకుగాని, 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి వాడుక తెలుగులో కళాశాల పుస్తకాలు వచ్చే రోజులకుగాని, ఆ మార్పు స్థిరపడలేదు. నేను ఉద్యోగంలో చేరినప్పటి వాచకాలలో ఇంకా పాతవాసన మిగిలే ఉండేది.

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరింది. తెలుగువారు అధికంగా ఉన్న ఆ పట్టణాన్ని అటు కలపడం అన్యాయమని పంతులుగారి అభిప్రాయం. యాభై ఆరేండ్లు కాపురమున్న ఊరిని, చదువు చెప్పిన బడిని, ఎదురుగా కనబడే సవర కొండలను వదలి రాజమహేంద్రవరం వచ్చి స్థిరపడ్డారు. అప్పటికి ఆయన వయస్సు డెబ్బై మూడు. రెండేండ్లకు సవర నిఘంటువు అచ్చయి వచ్చింది. 1940 జనవరి 22న ఆయన కన్నుమూశారు. కుమారుడు సీతాపతిగారు తండ్రి పనిని కొనసాగించారు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004లో ఎనిమిది గిరిజన భాషలలో చిన్న తరగతులకు చదువు ప్రారంభించింది. ఆ భాషలలో సవర ఒకటి, మన అరకు, పాడేరు ప్రాంతాలలో మాట్లాడే కువి, ఆదివాసీ ఒరియా కూడా ఉన్నాయి. అప్పటికి నేను రిటైరయి ఆరేండ్లు. ఆ వాచకం ఒకటి స్నేహితుని యింట చూచాను. తెలుగు అక్షరాలే, మాట మాత్రం ఒక్కటీ నాకు తెలియదు. కొంతసేపు పుటలు త్రిప్పి, బొమ్మలు చూచి తిరిగి ఇచ్చివేశాను. పిల్లల మాటలు వ్రాసుకొన్న నా పాత పుస్తకం మా యింట్లో ట్రంకుపెట్టెలో ఇంకా ఉన్నది. మన సంఘంలోని ఉపాధ్యాయులలో ఎవరైనా చూడదలచుకొంటే ఏ సాయంత్రమైనా రావచ్చును.